తిరుగుదారి కూడా యాత్రే

బస్తర్ చూడ్డానికి కార్లలో వెళ్లే తెలుగు కుటుంబాలు ఆఖరి రోజును గడియారానికి అప్పగించేస్తున్నాయి. నగర్‌నార్ నుంచి సాలూరు దాకా సాగే ఆ తిరుగుదారిలో మన ఉక్కు, మన నీళ్లు, మన చరిత్ర వరసగా ఎదురవుతాయి. ఆ దారిని చీకట్లో దాటేయొద్దు.

కుటుంబమంతా కలిసి కార్లో దూరప్రయాణం పెట్టుకుంటే మొదటి రోజుకు ఉన్న వైభవం ఆఖరి రోజుకు ఉండదు. వెళ్లేటప్పుడు పులిహోర కలిపి, మరచెంబులు సర్ది, దేవుడికి దణ్ణం పెట్టి, పిల్లలతో ‘ఎక్కడెక్కడ ఆగుదాం’ అని లెక్కలేసుకుంటాం. వచ్చేటప్పుడు ఒకటే మాట: ‘తెల్లారకముందే బయల్దేరితే మధ్యాహ్నానికల్లా ఇంట్లో పడొచ్చు’. పిల్లలు వెనకసీట్లో నిద్రలో ఉంటారు. పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులు బయటికి చెప్పరు. బండి నడిపేవారి ధ్యాసంతా సోమవారం ఆఫీసు మీదే. ఊళ్ల పేర్లు మైలురాళ్ల మీద వెనక్కి జరిగిపోతుంటాయి తప్ప మనసులో ఒక్కటీ నిలవదు.

ఏ యాత్రలోనైనా ఇది నష్టమే. బస్తర్ యాత్రలో మరీ పెద్ద నష్టం. జగదల్‌పూర్ నుంచి విశాఖపట్నం సుమారు మూడొందల కిలోమీటర్లు. నగర్‌నార్, కోట్‌పాడ్, బొరిగుమ్మ, జయపురం, కొరాపుట్, సుంకి, సాలూరు, విజయనగరం... ఛత్తీస్‌గఢ్‌లో మొదలై, ఒడిశాను అడ్డంగా దాటి, ఆంధ్రప్రదేశ్‌లో దిగే ఈ దారి మనకు పరాయిది కాదు. చిత్రకోట్ దగ్గర 95 అడుగుల ఎత్తు నుంచి దూకే ఇంద్రావతినీ, కాంగేర్ లోయలో మెట్లు మెట్లుగా జారే తీరథ్‌గఢ్ నీళ్లనూ చూసి ‘ఆహా’ అనుకుని వచ్చేస్తాం. ఆ నీళ్లకూ ఆ కొండలకూ మనకూ ఉన్న లంకె తెలిసేది మాత్రం ఈ చివరి రోజు దారిలోనే. మేం ఈసారి ఆ దారిని పగటివేళ, ఆగుతూ, అడుగుతూ రావాలని ముందే అనుకున్నాం. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు అందరం ఆ నిర్ణయానికి కట్టుబడ్డాం.

ఓరుగల్లు నుంచి వచ్చిన గద్దె

చివరి రోజు పొద్దున్నే జగదల్‌పూర్‌లో ముందు దంతేశ్వరి గుడికి వెళ్లాం. పాత రాజప్రాసాదం ఆవరణలో ఉందీ గుడి. అమ్మవారి మూలస్థానం దంతేవాడలో, శంఖిని డంకిని నదుల సంగమం దగ్గర. బస్తర్ రాజవంశానికి ఆమె కులదేవత. ఆ రాజవంశం పేరు వింటే తెలుగువాళ్ల చెవులు నిక్కబొడుచుకోవాలి. వాళ్లు కాకతీయులు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవుల్లోకి వచ్చి కొత్త రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశ చరిత్ర. దంతేవాడ గుడిలోని 1703 నాటి దిక్పాలదేవుడి శాసనం ఆ వంశమూలాన్ని ఓరుగల్లుతోనే ముడిపెడుతుంది. స్వాతంత్ర్యం వచ్చి సంస్థానాలు విలీనమయ్యేదాకా ఆ గద్దె సాగింది. ఆదివాసుల పక్షాన నిలిచిన మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న ఇదే ప్రాసాదంలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2022 జులైలో తెలంగాణ ప్రభుత్వం వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు ఆ వంశానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను ముఖ్య అతిథిగా పిలిచింది. దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత అన్నమదేవుడి వారసుడు ఓరుగల్లు మట్టి మీద అడుగుపెట్టాడని అప్పట్లో మన పత్రికలన్నీ రాశాయి.

తెలుగుతో బస్తర్ బంధం కాకతీయులకన్నా పాతది. చిందక నాగవంశీయులు ఏలిన రోజుల్లో, 11వ శతాబ్దంలోనే, బార్సూర్‌లో తెలుగు శాసనం వెలిసింది. ఆ రాజుల దగ్గర సామంతుడిగా ఉన్న చంద్రాదిత్యుడనే తెలుగుచోడుడు అక్కడ గుడి కట్టించి, చెరువు తవ్వించాడని చెప్పే శాసనమది. జగదల్‌పూర్ వచ్చేవాళ్లు బార్సూర్‌లో జంట వినాయకులనూ, మామా భాంజా గుడినీ చూస్తారు. వెయ్యేళ్ల కిందటే ఈ అడవిలో మన అక్షరాలు రాతికెక్కాయన్న సంగతి పిల్లలకు చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

బస్తర్ దసరా గురించీ ఇక్కడే చెప్పుకోవాలి. మన ఆషాఢ అమావాస్యనాడు మొదలై 75 రోజులు సాగే పండగ ఇది. రావణ దహనం ఉండదు. అమ్మవారి ఛత్రాన్ని ఎక్కించుకున్న భారీ కొయ్యరథాన్ని వందలాది ఆదివాసులు తాళ్లు పట్టి లాగుతారు. ఆ రథాన్ని ఏటా కొత్తగా, తరతరాలుగా అదే పని చేస్తున్న ఊళ్లవాళ్లే చెక్కుతారు. దసరా సెలవుల్లో బస్తర్ వెళ్లేవాళ్లు ఆఖరి రోజు పొద్దుట ఒక గంట ఆ రథం దగ్గర నిలబడితే చాలు, చరిత్ర పాఠం పూర్తవుతుంది.

నగర్‌నార్: ఇనుము ఉక్కయ్యే చోటు

జగదల్‌పూర్ దాటి 16 కిలోమీటర్లు వస్తే నగర్‌నార్. వరి మళ్ల మధ్య నుంచి ఒక్కసారిగా పొగగొట్టాలు, కన్వేయర్లు, ఆకాశమెత్తు బ్లాస్ట్ ఫర్నేస్ లేస్తాయి. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీ కట్టిన సమగ్ర ఉక్కు కర్మాగారమిది. 2023 ఆగస్టులో ఇక్కడ తొలి ద్రవ ఇనుము కారింది. అదే నెల 24న తొలి హాట్ రోల్డ్ కాయిల్ బయటికొచ్చింది. అక్టోబరు 3న ప్రధాని మోదీ జగదల్‌పూర్‌లో దీన్ని జాతికి అంకితం చేశారు. ఖర్చు 23,800 కోట్ల రూపాయల పైమాటే. ఇప్పుడిది ఎన్ఎండీసీ స్టీల్ పేరుతో విడి కంపెనీ.

అనుమతి లేకుండా లోపలికి వెళ్లలేం. రోడ్డు పక్కన బండి ఆపి, టీ తాగుతూ చూశాం. మా అమ్మ పుట్టిల్లు కొత్తవలస. చిన్నప్పటినుంచీ ఎర్రమట్టి పూసుకుని పోయే గూడ్సు బళ్లను చూస్తూ పెరిగింది. ‘‘ఈ కొండల్లోంచేనట్రా మా ఊరి మీంచి పోయే బళ్లు. రాత్రిళ్లు ఆ చప్పుడు వినపడకపోతే మాకు నిద్రపట్టేది కాదు’’ అంది. మా చిన్నవాడు అందుకున్నాడు: ‘‘నానమ్మా, మరి రాయంతా ఇక్కడుంటే విశాఖలో స్టీల్ ప్లాంటెందుకు పెట్టారు?’’

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అరవై ఏళ్ల చరిత్ర విప్పాలి. నగర్‌నార్‌కు నైరుతి దిక్కున, దంతేవాడ జిల్లాలో బైలడిల్లా కొండలున్నాయి. దేశంలోకెల్లా మేలైన ఇనుప ఖనిజం ఆ కొండల్లోనే ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఉక్కు పరిశ్రమను మళ్లీ నిలబెట్టుకుంటున్న జపాన్‌కు ఆ ఖనిజం కావాల్సి వచ్చింది. మనకు విదేశీ మారకద్రవ్యం కావాలి. 1960లో ఒప్పందం కుదిరింది. తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో, కొత్తవలస నుంచి కిరందూల్ దాకా సుమారు 446 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. మనం కేకే లైన్ అంటామే, అదే. అరకు వెళ్లే అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలేస్తారు కదా, ఆ సొరంగాలన్నీ బైలడిల్లా రాయి సముద్రానికి చేరడం కోసం తొలిచినవే. 1968లో కిరందూల్ గనిలో ఉత్పత్తి మొదలైంది. భారీ ఖనిజం ఓడల కోసం విశాఖలో ఔటర్ హార్బర్ 1976లో సిద్ధమైంది.

‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారానికీ ఖనిజం ఎక్కువగా వస్తున్నది ఈ బైలడిల్లా నుంచే. సొంత ఇనుప గనుల్లేని విశాఖ ఉక్కుకు బస్తర్ కొండలే దిక్కు. ఆ రాయి రైళ్లమీదే కాదు, నేల కింద గొట్టంలోనూ వస్తోంది. పొడిచేసి నీళ్లతో కలిపిన ఖనిజం కిరందూల్ నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల పైపులైన్లో బురదలా ప్రవహించి, అక్కడి వేరే సంస్థ పెల్లెట్ ప్లాంటుకు చేరుతుంది. కొండలు తవ్వే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయమేమో హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. కిరందూల్, బచేలి, నగర్‌నార్ టౌన్‌షిప్పుల్లో తెలుగు మాట వినపడటంలో వింతేమీ లేదు.

ఇదంతా చెప్పాక మా పెద్దమ్మాయి ఇంకోటడిగింది: ‘‘మరి కొండలున్నవాళ్లకు ఏమొచ్చింది నాన్నా?’’ నగర్‌నార్ దగ్గర ప్రతి పెద్దవారూ పిల్లలకు జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. బైలడిల్లా రాయి దశాబ్దాలపాటు రాయిగానే బయటికి పోయింది. దాన్ని ఉక్కుగా మార్చే పని, ఆ పనితో వచ్చే ఉద్యోగాలు బస్తర్‌కు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఈ కర్మాగారం కోసం నగర్‌నార్, కస్తూరి, అమాగుడ, మగన్‌పూర్ లాంటి ఊళ్ల రైతులు భూములిచ్చారు. 2001లో భూసేకరణ మొదలైనప్పుడు ఇక్కడి ఆదివాసులు గట్టిగా ఎదురు నిలిచారు. లాఠీలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. ఇరవై రెండేళ్లకు ఇనుము కారింది. ఈలోగా, 2020 అక్టోబరులో, దీన్ని విడి కంపెనీ చేసి అమ్మేందుకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. మూడు నెలలకే విశాఖ ఉక్కు విషయంలోనూ అదే నిర్ణయం వచ్చింది. భూములిచ్చిన బస్తర్ రైతు బెంగ ఏమిటో గాజువాక నిర్వాసితుడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఒక జలపాతం ముందు దిగిన ఫొటో పిల్లలకు ఆ ఊరి అందాన్ని చూపిస్తుంది. నగర్‌నార్ దగ్గర ఆగిన అరగంట, ఇంట్లోని గరిటె నుంచి ఊళ్లోని వంతెన దాకా మనం వాడే ఇనుము వెనక ఎవరి కొండ ఉందో, ఎవరి పొలం ఉందో నేర్పుతుంది. నా మటుకు నాకు రెండోదే విలువైంది.

కోట్‌పాడ్ మగ్గం, జయపురం దానం

నగర్‌నార్ దాటాక ధన్‌పూంజీ దగ్గర ఒడిశా సరిహద్దు. అక్కణ్నుంచి కొద్ది దూరంలో కోట్‌పాడ్. ఈ చిన్న ఊళ్లో మిర్గాన్ నేతగాళ్లు తరాలుగా నూలుకు ఆల్ చెట్టు వేరు బెరడుతోనే రంగులద్దుతున్నారు. నూలును పేడ, బూడిద నీళ్లు, ఆముదంతో రోజుల తరబడి పదును చేస్తే తప్ప రంగు పట్టదు. అలా పట్టిన ఎరుపు మాత్రం మనిషి ఆయుష్షు ఉన్నన్నాళ్లూ వెలవదని పేరు. అన్నభేది కలిపితే ముదురు గోధుమ రంగు, నలుపు వస్తాయి. చీర అంచుల మీద పీత, చేప, గొడ్డలి, విల్లు బొమ్మలు. 2005లో కోట్‌పాడ్ నేతకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడి నేతగాడు గోవర్ధన్ పాణికకు 2018లో పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి, మంగళగిరి, ఉప్పాడ నేతల విలువ ఎరిగిన మనం కోట్‌పాడ్ మగ్గం ముందు కాసేపు ఆగకుండా పోవడం మర్యాద కాదు. అమ్మ ఒక తువ్వాలు కొంది. బేరమాడలేదు.

బొరిగుమ్మ మీదుగా జయపురం చేరేసరికి భోజనాల వేళవుతుంది. ఈ ఊరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు అటు వెళ్లింది. అంతకుముందు నుంచీ జయపురం సంస్థానానికి తెలుగు సాహిత్యంతో, తెలుగు చదువుతో గాఢమైన అనుబంధం ఉండేది. తెలుగు, ఒడియా రెండింటిలోనూ రచనలు చేసిన మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే సామాన్యమైన మొత్తం కాదు. వర్సిటీలోని సైన్స్ కళాశాలకు జయపురం విక్రమదేవ కళాశాలని పేరు పెట్టుకున్నది అందుకే. విశాఖలో చదివిన ఎందరో శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు ఆ దానం నీడలో ఎదిగినవాళ్లే. మన పిల్లలో, మన ఇంటి పెద్దలో ఆ కళాశాల మెట్లెక్కి ఉంటే జయపురం కోట ముందు ఒక్క నిమిషమైనా ఆగాలి. అది మన బాకీ.

ఈ నేలకు ఇంకో ఘనత ఉంది. జయపురం ప్రాంతాన్ని వరి పుట్టిళ్లలో ఒకటిగా వ్యవసాయ శాస్త్రవేత్తలు భావిస్తారు. వందల రకాల దేశవాళీ వరిని ఇక్కడి ఆదివాసీ ఆడవాళ్లు విత్తనాలుగా దాచుకుంటూ వచ్చారు. వాళ్లలో ఒకరైన కమలా పుజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 జులైలో ఆమె కన్నుమూశారు. కొరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. నల్లటి పొట్టుతో, జీలకర్రంత సన్నగా, సువాసనతో ఉండే కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బస్తర్ నుంచి తెచ్చే డోక్రా లోహపు బొమ్మ షోకేసులో ఉంటుంది. కాలాజీరా బియ్యం రెండు కిలోలు తెస్తే పండగనాడు పరమాన్నమై అందరి విస్తట్లోకీ వస్తుంది.

రెండు నదులు, ఒకే గోదావరి

జయపురం నుంచి కొరాపుట్ దాకా ఘాట్ రోడ్డు. పైకెక్కేకొద్దీ కొలాబ్ జలాశయం మెరుస్తూ కనిపిస్తుంది. కొలాబ్ కిందికి దిగాక శబరి అవుతుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు వెంట పారి, మన కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. చిత్రకోట్‌లో మనం చూసిన ఇంద్రావతి కూడా ఒడిశాలోని కలహండిలో పుట్టి, బస్తర్ అంతా తిరిగి, తెలంగాణ పొలిమేరల్లో గోదావరినే చేరుతుంది. అంటే యాత్రలో చూసిన నీళ్లు రెండు దారుల్లో మన కన్నా ముందో వెనకో ధవళేశ్వరం వచ్చేస్తాయి. కోనసీమ వరిచేలో నిలిచిన నీటిలో బస్తర్ వాన ఉంది. పిల్లలకు పటం మీద ఈ రెండు నదులనూ వేలితో గీయించండి. భూగోళం పాఠం ఎప్పటికీ మరవరు.

కొరాపుట్ చుట్టుపక్కలే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి ఆస్తి అది. 1955 నుంచి ఉత్తరాంధ్ర ఇళ్లలో వెలిగిన దీపాల్లో ఆ నీటి బలం ఉంది. కొరాపుట్‌లో కొండ మీది జగన్నాథుడి గుడి, ఆదివాసీ మ్యూజియం చూడదగ్గవి. సునాబెడలో హెచ్‌ఏఎల్ వారి యుద్ధవిమాన ఇంజిన్ల కర్మాగారం ఉంది. పొట్టంగి వైపు వస్తుంటే ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, మబ్బుల్లో తల పెట్టి నిలబడి ఉంటుంది. తర్వాత సుంకి ఘాట్. మలుపు మలుపుకూ లారీలు. ఆ లారీల మీద తరచుగా కనిపించే ఊరి పేరు సాలూరు. ఘాట్ దిగగానే మన పార్వతీపురం మన్యం జిల్లాలోని ఆ ఊరే ఎదురొస్తుంది. లారీలకూ లారీ బాడీల తయారీకీ పేరున్న ఊరది. రాయ్‌పూర్ దారి మీద దశాబ్దాలుగా సరుకు మోసిన డ్రైవర్ల ఊరు. బస్తర్ చింతపండు మన వంటింటి చారులోకి రావడంలో ఆ డ్రైవర్ల రాత్రులెన్నో ఉన్నాయి.

సాలూరు దాటితే రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం. అక్కణ్నుంచి అందరికీ తెలిసిన దారే.

చివరి రోజే ఎందుకు ముఖ్యం?

మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ 1993లో సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశారు. కొందరిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అదే నిమిషం తర్వాత మరో ముప్పై సెకన్లు ఉంచమని, ఆ చివరి భాగంలో నీటిని ఒక్క డిగ్రీ వేడి చేశారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు. బాధపడ్డ సమయం ఎక్కువైనా, ముగింపు కాస్త నయంగా ఉంది కాబట్టి. ఒక అనుభవాన్ని మనం గుర్తుపెట్టుకునేది అందులోని తీవ్రమైన క్షణాన్ని బట్టి, అది ముగిసిన తీరును బట్టి అని ఆయన తేల్చారు. 2002లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కుటుంబ యాత్రకూ ఇదే వర్తిస్తుంది. ఎన్ని జలపాతాలు చూసినా, ఆఖరి రోజు విసుగుతో, గొడవతో, నడుం నొప్పితో ముగిస్తే పిల్లల జ్ఞాపకంలో మిగిలేది అదే.

అంతకన్నా పెద్ద కారణం ప్రాణం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య. అంటే తిరుగు ప్రయాణంలో ‘ఇంకో రెండు గంటలు ఓర్చుకుంటే ఇల్లే’ అనుకునే వేళ. అలసిన డ్రైవరు, ఘాట్ రోడ్డు, ఎదురుగా లారీల దీపాలు కలిస్తే ఆ రెండు గంటలు చాలా ఖరీదైనవి. ఇల్లు ఎక్కడికీ పోదు.

ఆఖరి రోజు ఇలా

బస్తర్‌కు వెళ్లడానికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి అనువైన కాలం. నిండు ఇంద్రావతి కావాలంటే వర్షాకాలం చివర్లో వెళ్లాలి. కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహను వానల్లో మూసేస్తారు. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

చివరి రోజున పొద్దు పొడిచాక బయల్దేరండి. మధ్యాహ్న భోజనం జయపురంలో పెట్టుకుంటే సుంకి ఘాట్‌ను వెలుతురుండగానే దిగొచ్చు. ఆలస్యమైతే జయపురంలోనో కొరాపుట్‌లోనో రాత్రి ఆగిపోండి. కొరాపుట్ నుంచి అరకు మీదుగా రావచ్చు కానీ అది మరింత మలుపుల దారి. నడిపేవాళ్లు ఇద్దరుంటే ఘాట్ దగ్గర మారండి. టాక్సీలో వెళ్తే రెండు రాష్ట్రాల పర్మిట్లు ముందే సరిచూసుకోండి. పెద్దవాళ్లుంటే రెండు గంటలకోసారి దించి నాలుగడుగులు వేయించండి.

విజయవాడ, ఖమ్మం వైపు వెళ్లేవాళ్ల తిరుగుదారి వేరు. వాళ్లకు సుక్మా, కుంట, భద్రాచలం మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి. ఆ దారిలోని దర్భా లోయలోనే 2013 మే 25న మావోయిస్టుల దాడిలో మహేంద్ర కర్మ సహా పలువురు రాజకీయ నాయకులు, భద్రతా సిబ్బంది చనిపోయారు. దశాబ్దాల హింసలో సామాన్య ఆదివాసులు పోగొట్టుకున్న దానికి కొలత లేదు. అక్కడ ప్రయాణించేటప్పుడు పోలీసుల సూచనలు పాటించండి. పగటిపూటే సాగండి. ఊళ్లలోకి వెళ్తే అడక్కుండా ఎవరి ఫొటోలూ తీయకండి. సంతలో కొన్నదానికి అడిగిన ధర ఇవ్వండి. శబరి కలిసే గోదావరి, ఆ ఒడ్డున రామయ్య ఎదురొచ్చే దారి కాబట్టి వాళ్ల ఆఖరి రోజుకూ వెలితి లేదు.

రాయ్‌పూర్, విశాఖపట్నం మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రహదారి రాబోతోంది. అది పూర్తయితే వేగం పెరుగుతుంది. సరుకుకూ రోగికీ విద్యార్థికీ అది మేలే. కానీ అది నగర్‌నార్, కోట్‌పాడ్, జయపురం వీధుల్లోంచి పోదు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఇకమీదట పాత దారిని కావాలని ఎంచుకోవాల్సి ఉంటుంది.

కాబట్టి ఈసారి బస్తర్‌కు సెలవు పెట్టేటప్పుడు ఇంకో పూట ఎక్కువ పెట్టండి. ఆ పూటను తిరుగుదారికి రాసివ్వండి. నగర్‌నార్ దగ్గర అరగంట, కోట్‌పాడ్ మగ్గం దగ్గర అరగంట, జయపురంలో తీరిగ్గా భోజనం. మన ఇళ్లలోని ఉక్కు, మన పొలాల్లోని నీళ్లు, మన చదువుల వెనక దానం ఎక్కణ్నుంచి వచ్చాయో పిల్లలకు వాళ్ల కళ్లతోనే చూపించండి. బస్తర్ నుంచి మనం తీసుకున్నది చాలా ఉంది. కృతజ్ఞత నేర్పడానికి అంతకన్నా మంచి రోజు, మంచి దారి దొరకవు.